ముడి చమురు ఏ రాయిలో పుట్టింది? నమూనా తీయడం నుంచి తీర్పు రాయడం దాకా

"ఈ చమురు ఏ రాయి నుంచి వచ్చిందో ఎలా చెప్పాలి?" జియాలజీ విద్యార్థులు, కొత్తగా చమురు రంగంలోకి వచ్చినవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. చాలామంది ఒక క్రొమాటోగ్రామ్ (చమురులోని అణువులను విడదీసి గీసిన పీకుల గ్రాఫు) చూపించి, పక్కన ప్రిస్టేన్, ఫైటేన్ అనే రెండు అణువుల నిష్పత్తి రాసి, "ఇది వడపర్రు షేలే కదా?" అంటారు (షేల్ అంటే బంకమట్టి గట్టిపడి ఏర్పడిన పొరల రాయి). ఆ ఒక్క అంకెతో ఎవరూ చెప్పలేరు.

మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి గట్టిగా పట్టుకోండి. చమురుకూ రాయికీ పోలిక కుదిరితే అది ఒక సాక్ష్యమే. ఒకే రకమైన మొక్కలు, ఒకే రకమైన నీళ్లు ఉన్నచోట రెండు వేర్వేరు రాళ్లు కూడా ఒకేలాంటి చమురును ఇవ్వగలవు. ఉడుకు తేడా (భూమి లోపలి వేడికి రాయి, చమురు ఎంత మారాయన్న తేడా), బాక్టీరియా, కల్తీ ఇవేవీ కారణం కావని తేలాక కూడా పోలిక కుదరకపోతే, ఆ రాయిని నిస్సంకోచంగా కొట్టేయవచ్చు. అందుకే ఈ పని ఎప్పుడూ కొట్టివేతతోనే సాగుతుంది. ఏ రాళ్లు కావో తేల్చుకుంటూ పోతే చివరికి మిగిలేదే జవాబు.

ఉదాహరణగా కృష్ణా-గోదావరి బేసిన్‌ను తీసుకుంటున్నాను. ఒకే బేసిన్‌లో మూడు వేర్వేరు కాలాల సోర్స్ రాళ్లు (చమురును పుట్టించే రాళ్లు) ఉన్నాయి కాబట్టి ఈ పద్ధతి నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బడి లేదు.

1. అనుమానితుల జాబితా రాసుకోండి

ల్యాబ్‌లో అడుగు పెట్టకముందే, ఆ చమురుకు తల్లి కాగల రాళ్లన్నీ కాగితం మీద ఉండాలి. కృష్ణా-గోదావరిలో కనీసం ఇవి ఉంటాయి (అన్నిటికంటే పాత కాలానిది ముందు, కొత్తది చివర):

- కొమ్ముగూడెం ఫార్మేషన్: పెర్మియన్ కాలపు బొగ్గు, షేల్ పొరలు. సింగరేణి బొగ్గుకు దగ్గర చుట్టం, రెండూ గోండ్వానా కాలానివే. మండపేట గ్యాస్‌కు దీన్నే మూలంగా చెబుతారు.
- రాఘవాపురం షేల్: క్రెటేషియస్ కాలపు, సముద్ర ప్రభావం ఉన్న షేల్.
- పాలకొల్లు, వడపర్రు షేల్స్: పాలియోజీన్ కాలానివి. డెల్టా నుంచి కొట్టుకొచ్చిన మొక్కల పదార్థం వీటిలో కలిసింది.

ఒక్కో దాని పక్కన మూడు విషయాలు రాయండి: వయసు, ఎలాంటి చోట పేరుకుంది, అప్పట్లో అక్కడ ఏ మొక్కలు, ఏ జీవులు ఉన్నాయి. తర్వాత వచ్చే ప్రతి అంకెనూ ఈ మూడింటితోనే సరిచూస్తారు. ఈ కాగితం లేకుండా మొదలుపెడితే, ల్యాబ్ నుంచి ఏ అంకె వచ్చినా దానికి తగ్గ కథ అల్లేసుకునే ప్రమాదం ఉంది.

2. రాతి నమూనాలు: సగం తప్పులు ఇక్కడే

నమూనా ఎక్కడిదన్నదే అన్నిటికంటే ముఖ్యం. నాణ్యతలో కన్వెన్షనల్ కోర్‌ది (బావిలోంచి కడ్డీలా కోసి తీసిన రాయి) మొదటి స్థానం, తర్వాత సైడ్‌వాల్ కోర్ (బావి గోడ నుంచి తీసిన చిన్న ముక్క), ఆ తర్వాతే కటింగ్స్ (తవ్వేటప్పుడు పైకి వచ్చే రాతి పెంకులు). కానీ చేతికి ఎక్కువగా దొరికేవి కటింగ్సే.

కటింగ్స్‌తో పెద్ద చిక్కు కేవింగ్స్. పై పొరల నుంచి రాలిన ముక్కలు అడుగు నమూనాలో కలుస్తాయి. పాలియోజీన్ షేల్ ముక్క ఒకటి క్రెటేషియస్ నమూనాలో చేరితే, లేని ఓలియనేన్ (పూల మొక్కల నుంచి వచ్చే అణువు) ఆ రాయిలో కనిపిస్తుంది. మీ తీర్పు అక్కడే తలకిందులవుతుంది. మైక్రోస్కోపు కింద ముదురు రంగు షేల్ ముక్కలను చేత్తో ఏరండి. విసుగు పుట్టించే పనే, కానీ దీనికి అడ్డదారి లేదు.

రెండో చిక్కు డ్రిల్లింగ్ మడ్, అంటే బావి తవ్వేటప్పుడు లోపలికి పంపే బురద ద్రవం. డీజిల్ కలిపిన మడ్, ఆయిల్ బేస్డ్ మడ్, తారులాంటి పదార్థాలు రాయిలోకి ఇంకుతాయి. కొన్నిచోట్ల గిల్సోనైట్ కలుపుతారు. అది అమెరికాలోని యుయింటా బేసిన్‌లో, గ్రీన్ రివర్ ఫార్మేషన్ సరస్సు రాళ్లతో ముడిపడిన తారు. దాని బయోమార్కర్లు (ఒకప్పటి జీవుల అణువుల జాడలు) మీ నమూనాలో తేలితే, ఎక్కడో ఉన్న సరస్సు గుర్తులు గోదావరి కింద కనిపించినట్టు ఉంటుంది. కాబట్టి ఆ బావి మడ్ రికార్డు తెప్పించుకోండి. వీలైతే వాడిన మడ్ నమూనా కూడా తీసుకుని, అన్ని పరీక్షలూ దాని మీదా చేయండి.

పొలం గట్టునో, రోడ్డు కోతలోనో బయటపడిన రాయిని కొట్టి తెచ్చేవాళ్లూ ఉన్నారు. ఎండకూ వానకూ గాలికీ తగిలిన రాయిలో సేంద్రియ పదార్థం ఆక్సీకరణ చెంది, హైడ్రోజన్ ఇండెక్స్ (రాయికి చమురు ఇచ్చే శక్తిని చెప్పే అంకె, లెక్క 4వ భాగంలో ఉంది) పడిపోయి ఉంటుంది. పైపొర తవ్వి లోపలి తాజా రాయి తీయగలిగితేనే వాడండి.

రాతి నమూనాకు చెక్‌లిస్ట్:

- శుభ్రమైన నీటితో కడిగారా? (సబ్బు వద్దు)
- గాలికో, 40 డిగ్రీల లోపు వేడిలోనో ఆరబెట్టారా?
- కేవింగ్స్ ఏరేశారా?
- పొడి చేసే మిల్లును రెండు నమూనాల మధ్య కాల్చిన క్వార్ట్జ్ ఇసుకతో శుభ్రం చేశారా?
- బావి పేరు, లోతు, నమూనా రకం, మడ్ రకం లేబుల్ మీద ఉన్నాయా?

మన దేశంలో బావుల సమాచారం కోసం డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ హైడ్రోకార్బన్స్ కింద నేషనల్ డేటా రిపాజిటరీ ఉంది. కాలేజీ ద్వారా అడగండి.

3. చమురు నమూనాలు

ట్యాంకులోంచో, పైప్‌లైన్‌లోంచో పట్టిన చమురు పనికిరాదు. అందులో పది బావుల చమురు కలిసి ఉంటుంది. బావి పరీక్ష సమయంలో, లేదా ఆ బావి సెపరేటర్ (చమురు, గ్యాస్, నీటిని విడదీసే పాత్ర) దగ్గర, ఏ పొర నుంచి వస్తోందో తెలిసినప్పుడే పట్టండి. వ్యాక్స్ గడ్డకట్టకుండా, నీరు విడిపోయేలా కలిపే రసాయనాల పంపింగ్ మొదలయ్యే చోటికి ముందే పట్టాలి.

సీసా గాజుదే, ముదురు రంగుదే కావాలి. మూతలో టెఫ్లాన్ పొర ఉండాలి. అంచు దాకా నింపి, ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర ఉంచండి. నేను మొదట్లో ఒకసారి హడావుడిలో ప్లాస్టిక్ డబ్బాలో పట్టాను. జీసీ-ఎంఎస్‌లో (అణువులను విడదీసి, వాటి ముక్కల బరువును, అంటే మాస్‌ను, కొలిచే యంత్రం) మాస్ 149 దగ్గర ప్లాస్టిక్ నుంచి వచ్చిన థాలేట్లు ఎత్తుగా లేచి, చూడాల్సిన చిన్న పీకులు వాటి కింద మునిగిపోయాయి. ఆ బావి నుంచి మళ్లీ నమూనా దొరకలేదు.

రిజర్వాయర్ (చమురు నిల్వ ఉన్న రాయి) ఉష్ణోగ్రత, ఏపీఐ గ్రావిటీ (చమురు ఎంత తేలికో చెప్పే అంకె), సల్ఫర్ శాతం తప్పక రాసుకోండి. రిజర్వాయర్ సుమారు 80 డిగ్రీల కంటే చల్లగా ఉంటే బాక్టీరియా చమురును తిని ఉండే అవకాశం ఎక్కువ. ఈ ఒక్క సమాచారం లేక తర్వాత తికమకపడేవాళ్లు చాలామంది.

4. రాక్-ఎవాల్‌తో వడపోత

అన్ని రాళ్లనూ జీసీ-ఎంఎస్‌కు పంపితే డబ్బు వృథా. ముందు రాక్-ఎవాల్‌తో వడపోయండి. 60 నుంచి 100 మిల్లీగ్రాముల పొడి చాలు. గాలి తగలకుండా వేడి చేస్తే మొదట రాయిలో ఉన్న స్వేచ్ఛా హైడ్రోకార్బన్లు (ఎస్1), తర్వాత కెరోజెన్ (రాయిలోని కరగని సేంద్రియ పదార్థం) పగిలి వచ్చేవి (ఎస్2) బయటపడతాయి. ఎస్2 అత్యధికంగా వచ్చే ఉష్ణోగ్రత నుంచి లెక్కకట్టేదే టీమాక్స్.

చేతిలో పెట్టుకోవాల్సిన హద్దులు:

- మొత్తం సేంద్రియ కార్బన్, అంటే టీఓసీ, 0.5 శాతం లోపైతే పేద రాయి. 1 నుంచి 2 మంచిది. 2 దాటితే చాలా మంచిది.
- ఎస్2 గ్రాము రాయికి 5 మిల్లీగ్రాములు దాటాలి.
- ఎస్2ను టీఓసీతో భాగించి 100తో గుణిస్తే హైడ్రోజన్ ఇండెక్స్. 300 దాటితే చమురు, 200 లోపైతే ఎక్కువగా గ్యాస్.
- టీమాక్స్ 435 లోపైతే రాయి పచ్చిది. 435 నుంచి 470 మధ్య చమురు ఉడికే దశ. 470 దాటితే చమురు దశ అయిపోయినట్టే.

ఇవి గుడ్డిగా వాడే అంకెలు కావు. ఎస్2 0.2 కంటే తక్కువ వస్తే టీమాక్స్‌ను నమ్మొద్దు. టీఓసీ తక్కువగా ఉన్న బంకమట్టి రాళ్లలో ఖనిజాలు హైడ్రోకార్బన్లను పట్టేసుకుని ఎస్2ను తగ్గించి చూపిస్తాయి. టీఓసీకి తూగనంత ఎక్కువగా ఎస్1 ఉంటే మడ్ కలిసిందనో, వేరే చోట పుట్టిన చమురు ఇక్కడికి వచ్చి చేరిందనో అర్థం. అలాంటి రాయిని చమురుతో పోలిస్తే, చమురును చమురుతోనే పోల్చినట్టవుతుంది.

ఇంకొకటి. ఎక్కువ ఉడికిపోయిన రాయిలో హైడ్రోజన్ ఇండెక్స్ 50 వచ్చిందని కొట్టేయకండి. అది తన చమురును ఎప్పుడో ఇచ్చేసి ఉండవచ్చు. అదే రాయి పచ్చిగా ఉన్నచోట ఎంత ఉందో చూసి తీర్పు చెప్పాలి.

5. బిటుమెన్ తీయడం, విడదీయడం

బిటుమెన్ అంటే రాయిలోంచి సాల్వెంట్‌లో కరిగి వచ్చే సేంద్రియ భాగం. ఇక్కడ క్రమం స్థిరమైనది, కాబట్టి క్లుప్తంగా చెబుతాను.

1) పొడిని సాక్స్‌లెట్‌లో (సాల్వెంట్‌ను మళ్లీ మళ్లీ పొడి మీదుగా పారించే పరికరం) డైక్లోరోమీథేన్, మెథనాల్ మిశ్రమంతో (93:7) 24 గంటలు లేదా అంతకంటే ఎక్కువ సేపు ఉడికించండి. పొడి పెట్టే థింబుల్‌ను ముందే ఖాళీగా ఒకసారి ఉడికించి ఉండాలి.

2) ఫ్లాస్కులో శుభ్రం చేసిన రాగి ముక్కలు వేయండి. సల్ఫర్ వాటికి పట్టి నల్లబడతాయి.

3) సుమారు 40 రెట్లు ఎన్-పెంటేన్ లేదా ఎన్-హెక్సేన్ పోసి ఆస్ఫాల్టీన్లను (అన్నిటికంటే బరువైన, తారులాంటి భాగం) దింపండి. చమురుకూ ఇదే పని చేయాలి.

4) సిలికా జెల్ కాలమ్‌లో హెక్సేన్‌తో సాచురేట్లు, హెక్సేన్-డైక్లోరోమీథేన్‌తో ఆరోమాటిక్‌లు, మెథనాల్ కలిపి మిగతా రెసిన్లు దించండి.

ప్రతి బ్యాచ్‌తో పాటు రాయి లేని ఖాళీ పరీక్ష ఒకటి నడపండి. సాల్వెంట్‌ను పూర్తిగా ఎండగొట్టకండి, తేలికైన భాగం ఎగిరిపోతుంది. ఇవన్నీ ఫ్యూమ్ హుడ్ కిందే, చేతికి తొడుగుతోనే.

6. తొలి చూపు: మొత్తం చమురు జీసీ

జీసీ అంటే చమురులోని అణువులను విడదీసి క్రొమాటోగ్రామ్ గీసే యంత్రం. ఇందులో ముందు చూడాల్సింది బాక్టీరియా తిన్నదా లేదా అన్నది. అవి ఎన్-ఆల్కేన్లను (కొమ్మలు లేని కార్బన్ గొలుసులను) ముందు తింటాయి, తర్వాత ప్రిస్టేన్, ఫైటేన్ వంటి ఐసోప్రినాయిడ్లను, ఇంకా ముదిరితే స్టెరేన్లు, హోపేన్లు అనే బయోమార్కర్లను. ప్రిస్టేన్ పక్కనున్న సి17 (17 కార్బన్ల ఎన్-ఆల్కేన్) పీకు కుంగిపోయి, అడుగున గుట్టలాంటి వంపు లేచిందంటే చమురు చెడిందని గుర్తు. అలాంటి చమురుకు జీసీ నిష్పత్తులు వాడొద్దు.

చెడకపోతే ప్రిస్టేన్, ఫైటేన్ నిష్పత్తి తీయండి. 0.8 లోపైతే ఆక్సిజన్ లేని, తరచూ ఉప్పు ఎక్కువైన నీళ్లు లేదా కార్బొనేట్ రాయి. 3 దాటితే ఆక్సిజన్ ఉన్నచోట పేరుకున్న నేల మొక్కల పదార్థం. మధ్యలో పడితే దాని మీద ఏ నిర్ణయమూ నిలబెట్టకండి.

మన ఉదాహరణలో ఈ అంకె ఎందుకు చాలదో ఇప్పుడు తెలుస్తుంది. పెర్మియన్ బొగ్గూ, పాలియోజీన్ డెల్టా షేలూ రెండూ నేల మొక్కలవే. రెండింటికీ ఈ నిష్పత్తి ఎక్కువగానే రావచ్చు.

7. కార్బన్ ఐసోటోపులు

సాచురేట్లు, ఆరోమాటిక్‌లు, రెసిన్లు, ఆస్ఫాల్టీన్లు, రాతిలోని కెరోజెన్: ఒక్కో దాని కార్బన్-13 విలువ విడిగా కొలిపించండి. చమురు భాగాల విలువలను ఈ క్రమంలోనే గ్రాఫు మీద గీసి, ఆ గీతను కెరోజెన్ వైపు పొడిగించండి. రాతిలో కొలిచిన కెరోజెన్ విలువ ఆ గీత చివరికి దగ్గరగా పడితే బంధుత్వానికి అవకాశం ఉంది. చమురు సాధారణంగా తన కెరోజెన్ కంటే కొంచెం తేలికగా (కార్బన్-13 తక్కువగా) ఉంటుంది.

ఉడుకు తేడా వల్ల కూడా 2 నుంచి 3 పర్ మిల్ (వెయ్యికి ఇన్ని వంతులు) దాకా జరగవచ్చు. అంతకు మించిన తేడా ఉంటే ఆ జంటను కొట్టేయండి. అంతకు లోపు ఉంటే, "ఇంకా జాబితాలో ఉంది" అని మాత్రమే రాసుకోండి.

8. బయోమార్కర్లు: చమురు పుట్టుమచ్చలు

అసలు తేల్చేది ఇవే. ఇవి ఒకప్పటి జీవుల అణువుల అస్థిపంజరాలు. సాచురేట్ల భాగాన్ని జీసీ-ఎంఎస్‌లో 60 మీటర్ల కాలమ్ మీద, నిమిషానికి 2 డిగ్రీల చొప్పున నెమ్మదిగా వేడి పెంచుతూ నడపండి. హోపేన్ల కోసం మాస్ 191, స్టెరేన్ల కోసం 217, 218, డయాస్టెరేన్ల కోసం 259 చూడాలి. ఇంటర్నల్ స్టాండర్డ్ (పరిమాణం ముందే తెలిసిన పదార్థం) కలపడం మరవొద్దు. నిష్పత్తులు మాత్రమే తీసి, అసలు ఎంత పరిమాణం ఉందో కొలవకపోతే రెండు చమురుల మిశ్రమాన్ని పట్టుకోలేరు.

అంకెలను రెండు దొంతరలుగా వేరు చేయండి. ఇది చేయకపోవడమే నేను ఎక్కువగా చూసిన తప్పు.

మొదటి దొంతర పుట్టుకను చెప్పేవి:

- సి27, సి28, సి29 స్టెరేన్ల వాటా. సి29 ఎక్కువైతే సాధారణంగా నేల మొక్కలు, సి27 ఎక్కువైతే నీటి నాచు వాటా.
- సి30 స్టెరేన్, అంటే 24-ఎన్-ప్రొపైల్‌కొలెస్టేన్. ఇది కనిపిస్తే సముద్రపు జాడ.
- డయాస్టెరేన్లు ఎక్కువైతే సాధారణంగా బంకమట్టి ఉన్న రాయి.
- సి29 హోపేన్ సి30ను మించితే కార్బొనేట్ రాయిని అనుమానించాలి.
- గామాసెరేన్ ఎక్కువైతే పొరలు పొరలుగా విడిపోయిన, తరచూ ఉప్పగా ఉన్న నీళ్లు.
- ఓలియనేన్. పూల మొక్కల నుంచి వచ్చేది.

రెండో దొంతర ఉడుకును చెప్పేవి. వేడికి ఒకే అణువు ఆకారం మారుతూ, 22ఎస్, 20ఎస్, బీటా-బీటా వంటి రూపాల వాటా ఓ హద్దు దాకా పెరుగుతుంది: సి31 లేదా సి32 హోపేన్‌లో 22ఎస్ వాటా 0.57 నుంచి 0.62 మధ్య ఆగిపోతుంది. సి29 స్టెరేన్‌లో 20ఎస్ వాటా 0.52 నుంచి 0.55 మధ్య, బీటా-బీటా వాటా 0.67 నుంచి 0.71 మధ్య ఆగుతాయి.

రాయీ చమురూ పోల్చేటప్పుడు మొదటి దొంతరనే వాడాలి. ఎందుకంటే బావులు ఎక్కువగా తవ్వేది ఎత్తుగా ఉన్న హార్స్ట్‌ల మీద. చమురు ఉడికింది పక్కనున్న గ్రాబెన్ల లోతుల్లో. అంటే మీ చేతిలో ఉన్నది అదే షేల్ తాలూకు పచ్చి ముక్క, చమురేమో బాగా ఉడికినది. ఉడుకు అంకెలు కలవలేదని కైకలూరు ఎత్తు మీది రాఘవాపురం షేల్‌ను కొట్టేస్తే, గుడివాడ గ్రాబెన్‌లోని అదే షేల్‌ను కూడా అన్యాయంగా కొట్టేసినట్టే.

ఓలియనేన్ దగ్గర కాస్త ఆగుదాం, ఈ బేసిన్‌లో తాళంచెవి అదే. పూల మొక్కలు క్రెటేషియస్‌లో మొదలై, ఆ కాలం చివరికి బాగా విస్తరించాయి. పెర్మియన్ అడవుల్లో గ్లోసోప్టెరిస్ ఉంది, పూల మొక్కలు లేవు. కాబట్టి సి30 హోపేన్‌తో పోల్చి ఓలియనేన్ 0.2, 0.3 దాటితే ఆ చమురు పాలియోజీన్ లేదా ఇంకా కొత్త రాయిలో పుట్టిందనడానికి బలమైన సాక్ష్యం. ప్రిస్టేన్ నిష్పత్తి విడదీయలేని జంటను ఇది విడదీస్తుంది.

దీనికి రెండు జాగ్రత్తలు. ఓలియనేన్ లేదని పాలియోజీన్‌ను వెంటనే కొట్టేయకండి, నేల మొక్కలు అందని సముద్రపు లోతుల్లో అది పేరుకోకపోవచ్చు. అలాగే కొద్దిగా కనిపించిందని సంబరపడకండి. పాత రాయిలో పుట్టిన చమురు పైకి వస్తూ కొత్త బొగ్గు పొరలను రాసుకుంటే, వాటి ఓలియనేన్‌ను అంటించుకుని రాగలదు.

9. కొట్టివేత క్రమం

రవ్వ క్షేత్రంలా మయోసీన్ (పాలియోజీన్ కంటే కొత్త కాలం) ఇసుకరాయిలో దొరికిన చమురు ఒకటి మీ ముందు ఉందనుకోండి. రిజర్వాయర్ వయసు చూసి మూలం ఊహించకండి, చమురు నడిచే పదార్థం. ఇలా అడుగుతూ పోండి:

1) ఓలియనేన్ బాగా ఉందా? ఉంటే పెర్మియన్‌ను కొట్టేయండి, క్రెటేషియస్ బలహీనపడుతుంది.

2) లేకపోతే, సి27 స్టెరేన్, సి30 స్టెరేన్ సముద్రపు జాడ చూపుతున్నాయా? చూపితే బొగ్గును కొట్టేయండి, రాఘవాపురం ముందుకొస్తుంది.

3) రెండూ లేక సి29 స్టెరేన్, ప్రిస్టేన్ ఎక్కువగా ఉన్నాయా? పెర్మియన్ బొగ్గు జాబితాలో ఉంటుంది.

4) మిగిలిన రాయికి ఐసోటోపుల హద్దు దాటుతోందా?

5) ఆ రాయి ఆ ప్రాంతంలో ఎక్కడైనా తగినంత ఉడికిందా? చమురు అక్కడి నుంచి ఇక్కడికి రావడానికి ఫాల్ట్ (రాతి పగులు) దారి ఉందా? ట్రాప్ (చమురు చిక్కుకుని నిలిచే రాతి అమరిక) ముందు ఏర్పడిందా, చమురు ముందు బయలుదేరిందా?

ఐదో ప్రశ్నను కెమిస్ట్రీ తెలిసినవాళ్లు తరచూ వదిలేస్తారు. అణువులన్నీ కలిసినా దారి లేకపోతే ఆ జవాబు తప్పే.

10. పని ఆగిపోయినప్పుడు

ఏ రాయితోనూ కలవడం లేదు: అసలు మూలం మీ జాబితాలోనే లేకపోవచ్చు, ఇంకా లోతుల్లో తవ్వని పొర కావచ్చు. చమురులనే ఒకదానితో ఒకటి పోల్చి కుటుంబాలుగా విడదీయండి. ఆ పని రాయి లేకుండానే చేయవచ్చు.

రెండు రాళ్లతోనూ సగం సగం కలుస్తోంది: మిశ్రమం అయి ఉండవచ్చు. ఇంటర్నల్ స్టాండర్డ్ ఆధారంగా అసలు పరిమాణాలు చూడండి. బాగా ఉడికిన చమురులో బయోమార్కర్లు అతి తక్కువ. అందులో పచ్చి చమురు కొద్దిగా కలిసినా బయోమార్కర్లన్నీ దాని పాటే పాడతాయి. అలాంటప్పుడు డయమండాయిడ్లు (వజ్రపు అమరిక ఉన్న చిన్న అణువులు) కొలిపించండి, అవి ఎక్కువ వేడికీ తట్టుకుంటాయి.

చమురును బాక్టీరియా బాగా తినేసింది: డయాస్టెరేన్లు, ట్రైసైక్లిక్ టెర్పేన్లు, ఆరోమాటిక్ స్టెరాయిడ్లు ఆలస్యంగా చెడతాయి. ఆస్ఫాల్టీన్లను వేడితో పగలగొట్టి, లోపల దాగిన అణువులను చూసే దారి కూడా ఉంది.

దొరికింది గ్యాస్ మాత్రమే: బయోమార్కర్లు ఉండవు. మీథేన్ కార్బన్ ఐసోటోపు విలువ మైనస్ 60 పర్ మిల్ కంటే కిందికి పోయి, ఈథేన్, ప్రొపేన్ దాదాపు లేకపోతే అది బాక్టీరియా తయారు చేసిన గ్యాస్. దానికి ఉడికిన సోర్స్ రాయిని వెతకనక్కర్లేదు.

11. తీర్పు ఎలా రాయాలి

"ఈ చమురు వడపర్రు షేల్‌దే" అని రాయకండి. ఏ రాళ్లను ఏ ఆధారంతో కొట్టేశారో ముందు రాయండి. తర్వాత మిగిలిన రాయి, దాన్ని బలపరిచే అంకెలు, చివరగా దానికి ఎదురు నిలిచే అంకె ఏదైనా ఉంటే అదీ.

పంపేముందు చూసుకోండి:

- ఒక్కో రాయి నుంచి కనీసం నాలుగైదు లోతుల నమూనాలున్నాయా, ఒక్క ముక్క మీదే ఆధారపడ్డారా?
- ఖాళీ పరీక్ష, మడ్ పరీక్ష ఫలితాలు జతచేశారా?
- మాస్ 191, 217 క్రొమాటోగ్రాములను పీకుల పేర్లతో సహా పెట్టారా? అంకెల పట్టిక ఒక్కటే పెడితే చదివేవాళ్లు సరిచూడలేరు.
- పుట్టుక అంకెలు, ఉడుకు అంకెలు వేర్వేరు పట్టికల్లో ఉన్నాయా?
- రాతి నమూనా హార్స్ట్ మీదిదా, గ్రాబెన్‌లోదా అన్నది మ్యాపు మీద గుర్తుపెట్టారా?
- మిగిలిన నమూనా, చమురు సీసా లేబుల్‌తో సహా ఫ్రిజ్‌లో ఉన్నాయా? ఆరు నెలల తర్వాత మళ్లీ కొలవమని ఎవరైనా అడిగితే కావాల్సింది అవే.